పంటినొప్పియు బాలభయమును

వైద్యులందఱిలో పిల్లలు మిక్కిలి భయపడునది దంతవైద్యునికి. జ్వరము వచ్చినపుడు నాడి చూచి మాత్ర నిచ్చు వైద్యుని వారు సహింతురు. విరిగిన చేతికి కట్టు కట్టువానిని సైతము కొంత యేడ్చి యోర్చుకొందురు. దంతవైద్యుని కుర్చీ కంటబడినంతనే మాత్రము పెదవులు బిగించి తల్లి కొంగులో మొగము దాచుకొందురు. ఇందుకు కారణము లేకపోలేదు. అన్నము తినుటకును, మాటలాడుటకును, ఏడ్చి తన బాధ చెప్పుకొనుటకును శిశువునకు నోరొక్కటియే ద్వారము. అట్టి ద్వారమును తెఱపించి, ముఖపరిచయము లేని మనుష్యుడు, తన కంటికి కానరాని చోట లోహపు పనిముట్టు పెట్టి త్రవ్వుచుండగా, నోరు తెఱచియుండియు "వద్దు" అని పలుకజాలని యవస్థ యెట్టిదో పెద్దలమైన మనమే యొక్కసారి తలచుకొనిన తెలియగలదు.

కావున పిల్లవాని భయమును మూఢత్వమనుట తగదు. అయితే యీ భయములో సహజమైన పాలు కొంత, నేర్పబడిన పాలు కొంత కలదు. మొదటిదానిని వైద్యుడు తన నేర్పుచే తగ్గింపవలసియున్నది. రెండవదానిని నాటుచున్నవారము మనమే. దానిని పెఱికివేయవలసినవారమును మనమే.

పాతబస్తీలో లాల్‌దర్వాజ ప్రాంతమున నొక పాఠశాలలో మేము చాల యేండ్లుగా బోధించుచున్నాము. మా తరగతిలో ప్రతి సంవత్సరమును చెంపకు చేయి చేర్చి కూర్చుండు పిల్లలు నలుగురైదుగురు కనబడుచునే యుందురు. పద్యము చెప్పుమనిన చెప్పరు. లెక్క చేయుమనిన చేయరు. వారిని మందబుద్ధులని యెంచుట యుపాధ్యాయులకు సులభము. నోరు తెఱపించి చూచినచో వెనుక దవుడపన్ను సగము పుచ్చి నల్లని గుంటయై యుండును. రాత్రి నిద్రలేదు, ప్రొద్దున నమలలేక చాయలో బిస్కట్టు ముంచుకొని మ్రింగి వచ్చినారు. అట్టివారికి సంధిసూత్రములు తలకెక్కుటెట్లు?

"ఇంట చెప్పితివా?" అని యడిగిన, తల యడ్డముగ నూపుదురు. ఎందుచేత చెప్పలేదనగా నించుమించుగ నందఱును చెప్పు నుత్తరమొక్కటియే: "చెప్తే పీకిపిస్తరు సారూ."

ఈ మాట వారికెట్లు వచ్చినది? మన యిండ్లలో చెవి యొగ్గి వినుడు. అన్నము తినని పిల్లవానితో "డాక్టరు దగ్గరికి తీస్కపోయి సూది పొడిపిస్త" అందుము. మిఠాయి యడిగిన బాలికతో "పండ్లన్నీ పీకేస్తడు" అందుము. తప్పు చేసినవానికి శిక్ష విధించు తలారిగా వైద్యుని చిత్రించి, తీరా రోగము వచ్చిన దినమున "ఆయన చాల మంచివాడు, పద" అనినచో శిశువు నమ్మునా? ఇది మొదటి యపచారము.

రెండవది యసత్యము. "ఏమీ చేయరు, ఊరక చూచి పంపుదురు" అని నమ్మబలికి తీసికొనిపోవుదుము. అచట సూది కనబడును. ఆ క్షణమున పిల్లవానికి వైద్యునియందే కాదు, తల్లియందును నమ్మకము సడలును. నొప్పి ఘడియలో మానును; మోసపోయితినను తలపు మాత్రమేండ్ల తరబడి నిలుచును. మూడవది బలాత్కారము. ఒకరు చేతులు, ఒకరు కాళ్లు, ఒకరు తల పట్టుకొని పని ముగింతురు. ఆ దినమునకు పని జరిగిపోవును. కాని యా పిల్లవాడు పెరిగి పెద్దవాడైన పిమ్మట, పన్ను మిగులనంతవఱకు వైద్యుని గడప త్రొక్కడు. మాకు తెలిసిన పెద్దలలో విద్యావంతులై యుండియు నేటికిని లవంగముతోను, కర్పూరముతోను కాలము గడుపువారు కలరు; వారి కథ విచారించిన, బాల్యమున నిట్టి ఘట్టమొకటి తప్పక బయటపడుచున్నది.

దీనివలన నొక విషచక్ర మేర్పడుచున్నది. భయముచే నాలస్యము, ఆలస్యముచే రోగవృద్ధి, రోగవృద్ధిచే కఠినచికిత్స, కఠినచికిత్సచే మఱింత భయము. ఈ చక్రమునకు మన మూఢవిశ్వాసమొకటి యిరుసువలె నున్నది. "పాలపండ్లే గదా, ఊడిపోవును, వైద్యమెందులకు?" అందుము. పాలపండ్లు 20. ముందరివి ఆఱేడేండ్లకే యూడుట నిజమే. కాని వెనుక దవుడపండ్లు తొమ్మిది మొదలు పండ్రెండేండ్ల వఱకు నిలిచి, పిల్లవాని భోజనభారము మోయుచు, రాబోవు పండ్లకు చోటు కాచి యుంచును. అంతేకాదు, ఆఱవయేట వాని వెనుకనే, ఏ పన్నును ఊడకుండగనే, శాశ్వతదంతము లొక్కొక ప్రక్క నొక్కొకటి చొప్పున మొలచును. తల్లిదండ్రులు వానిని గూడ పాలపండ్లే యనుకొని యుపేక్షింతురు. జీవితాంతము నుండవలసిన పన్ను పదేండ్లకే పాడగుటకు తఱచుగా నిదియే హేతువు. ఇక పంటిలో పురుగు కలదనుమాట సరికాదు. కంటికి కానరాని సూక్ష్మజీవులు, మనము తిను చక్కెరను ఆమ్లముగ మార్చి, పంటిని కొంచెము కొంచెముగ కరగించును. ఎంత తింటిమనుదానికన్న నెన్నిమారులు తింటిమనునది యిందు ముఖ్యము. గంటగంటకు చాయబిస్కట్టు నందుకొను పిల్లల నోట ఆమ్లమున కెన్నడును విరామము లేదు.

బాధ లేకుండ చికిత్స చేయవలెనను కోరిక మన నగరమునకు క్రొత్తది కాదు. మూసీనది దక్షిణతీరమున పాతబస్తీ. నయాపూల్ దాటిన, ఉత్తరతీరమున అఫ్జల్‌గంజి. అచటి ఆస్పత్రిలో, ఆఱవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాన్ పాలనలో, ఎడ్వర్డు లారీ యను వైద్యుడు క్లోరోఫారమను మత్తుమందునుగూర్చి లోకమంతయు చర్చించిన పరీక్షలు జరిపించెను. 1888లో నొక సంఘమును, 1889లో రెండవ సంఘమును కూర్చుండెను. రెండవదానికి నిజాము ధనసాహాయ్యముచే లండనునుండి లాడర్ బ్రంటను అను పండితుడు వచ్చెను. రోగి నాడిని గాక శ్వాసను కనిపెట్టుచుండిన ప్రాణభయము లేదని వారు తేల్చిరి. ఆ వైద్యపాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూంజీ, మత్తుమందు నిచ్చుటలో నిపుణురాలై, ఆ విద్య నవలంబించిన తొలి మహిళలలో నొకరిగా కీర్తి గాంచెను.

అయితే వారి సిద్ధాంతము పూర్తిగా నిలువలేదు. క్లోరోఫారము గుండెను నేరుగా నిలిపివేయగలదని 1911లో గుడ్‌మన్ లీవీ యను నాంగ్లశాస్త్రజ్ఞుడు నిరూపించెను. ఇందుండి మేము గ్రహించు నీతి యేమనగా: నొప్పి తెలియకుండ చేయుటకు మనుష్యుని స్మృతి తప్పించుట యొక మార్గమే కాని, దానికి వెల యున్నది. నేటి మత్తుమందులు నాటివానికన్న నెంతయో క్షేమకరములు. అయినను వానికి పెద్ద ఆస్పత్రియు, నిపుణులును, ధనమును కావలెను. నొప్పిని కప్పిపుచ్చుటకన్న, నొప్పి కలిగించు పనినే తగ్గించుట మేలు గదా! ఇటీవలి దంతవైద్యము త్రొక్కుచున్న మార్గమిదియే.

పూర్వపు పద్ధతి యెట్టిదో చెప్పిన గాని క్రొత్తదాని విలువ తెలియదు. అమెరికాలో జి. వి. బ్లాక్ అను ఆచార్యుడు పందొమ్మిదవ శతాబ్దాంతమున బోధించిన సూత్రము ననుసరించి, చెడినభాగముతోపాటు చుట్టునున్న మంచి పంటిని గూడ కొంత చెక్కి, విశాలమైన గుంట చేసి నింపుచుండిరి. నాటి పూడిక పదార్థములు పంటి కంటుకొనునవి కావు గనుక నది యవసరమే. 1957లో గాలిచే తిరుగు మర వచ్చెను. నిమిషమునకు 3,00,000 చుట్లకు పైగా తిరుగు నా మర వైద్యునకు వేగము నిచ్చెను. పిల్లవానికి మాత్రము చెవులు చిల్లులుపడు కూతయు, చల్లని నీటిజల్లును, పుఱ్ఱె యంతయు నదరు ననుభూతియు నిచ్చెను. పెక్కుమంది పిల్లలకు సూదికన్న నీ కూతయే భయంకరము.

1972లో ఇంగ్లండునందు విల్సను, కెంటు అను నిరువురు, పంటికి తనంతట నంటుకొని ఫ్లోరైడును మెల్లమెల్లగ విడుచు సిమెంటును ప్రకటించిరి. దీనితో మంచిభాగమును చెక్కవలసిన పని తప్పినది. 1980ల నడుమ టాంజానియా దేశమున, కరెంటు లేని పల్లెలలో, చేతి పనిముట్లతో మెత్తబడిన చెడుభాగమును మాత్రము గీకితీసి యీ సిమెంటు నింపు పద్ధతి యారంభమయ్యెను. మర లేదు, కూత లేదు, తఱచుగా సూదియు లేదు. బీదదేశమునకై పుట్టిన యీ ఉపాయము, పిల్లలు భయపడనందున, ధనికదేశములకును ప్రాకినది. సాధారణముగ విద్య పైనుండి క్రిందికి దిగునందురు. ఇచట క్రిందినుండి పైకెక్కినది.

రెండవది ఉక్కుతొడుగు. స్కాట్లండులో నార్నా హాల్ అను వైద్యురాలు, పుచ్చిన పాలదవుడపన్నును చెక్కకయే, సూది వేయకయే, సిమెంటు నింపిన చిన్న ఉక్కుతొడుగును దానిపై నొక్కి కూర్చుండబెట్టెడిది. లోపలి క్రిములకు ఆహారము చేరదు గనుక రోగమక్కడనే యాగును. మొదట కొన్నిదినములు తొడుగు ఎత్తుగ తోచును. తరువాత కాటు సర్దుకొనును. ఆ దేశముననే 132 మంది పిల్లలకు ఒక ప్రక్క పాతపద్ధతియు, ఒక ప్రక్క నీ పద్ధతియు చేసి చూచి 2007లో ఫలితము ప్రకటించిరి. పిల్లలలో 77 శాతము తొడుగునే మెచ్చుకొనిరి. వైద్యులును 81 శాతము దానినే మెచ్చుకొనిరి.

మూడవది మన పాతబస్తీ వంటయిండ్లకు సన్నిహితమైనది. కబాబునకు మాంసము మెత్తబడుటకై పచ్చి బొప్పాయి నూరి పట్టించుట యిచటి గృహిణుల కందఱకును తెలిసినదే. ఆ బొప్పాయి పాలలోని పదార్థముతో 2003లో బ్రెజిలు దేశీయులొక లేపనము చేసిరి. పుచ్చినభాగముపై దానిని రాసి కొంచెముసేపు వేచిన, చెడిన పదార్థము మాత్రము కరగును. మంచి పన్ను చెక్కుచెదరదు. తరువాత మొద్దుగరిటెవంటి చిన్న పనిముట్టుతో దానిని తీసివేయుదురు.

నాల్గవది వెండియు ఫ్లోరైడును కలిసిన ద్రవము. ఒక చుక్క కుంచెతో నద్దుట తప్ప వేఱు పని లేదు. ఒక్క నిమిషములో ముగియును. వెండి క్రిములను చంపును. ఫ్లోరైడు పంటిని గట్టిపఱచును. జపానులో 1970 ప్రాంతమునుండి వాడుకలో నున్న యీ మందును 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ యవసరౌషధముల పట్టికలో చేర్చెను. దీనికి లోపము కలదు: పుచ్చినచోటు నల్లగ మారి యట్లే నిలుచును. ఈ విషయమును వైద్యుడు ముందుగ చెప్పవలెను. తల్లిదండ్రులు విని తీర్మానింపవలెను. వెనుక పంటికి నల్లమచ్చ యొకటియైన నేమి? రాత్రి నిద్రపట్టుట మేలు గదా! వెండి సరిపడనివారికి మాత్ర మిది కూడదు.

ఫ్లోరైడనగానే మన తెలుగువారు, ముఖ్యముగ నల్లగొండ బంధువులు గలవారు, ఉలికిపడుదురు. అది న్యాయమే. త్రాగునీటిలో ఫ్లోరైడు మితిమీరిన పండ్లు మచ్చలుపడుననియు, ఎముకలు వంగుననియు 1937లోనే నాటి నెల్లూరు జిల్లా గ్రామములను చూచి వైద్యులు ప్రకటించిరి. పటికతోను సున్నముతోను నీటిని శుద్ధిచేయు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టబడినది. కాని యేండ్ల తరబడి కడవలకొలది త్రాగుట వేఱు. వైద్యుడు పంటిపై చుక్క యద్దుట వేఱు. ఉప్పు లేని కూర రుచింపదు. ఉప్పే కూర కాదు. మూడేండ్ల లోపు శిశువునకు బియ్యపుగింజంత, ఆఱేండ్ల వఱకు బఠాణిగింజంత ఫ్లోరైడు పేస్టు చాలును. మ్రింగకుండ పెద్దలు చూచుచుండవలెను. మిస్వాకైనను, వేపపుల్లయైనను క్రమముగ వాడిన పండ్లను శుభ్రపఱచును గాని, యిదివఱకే పడిన గుంటను పూడ్వజాలదు.

పనిముట్లెంత మెత్తనివైనను, మాట కఠినమైనచో భయము పోదు. దంతవైద్యులు 1959 నుండి బోధించుచున్న త్రిసూత్ర మొకటి కలదు: మొదట చెప్పుము, పిదప చూపుము, ఆపైన చేయుము. ఇది యెట్లు పనిచేయునో మేము కన్నులార చూచితిమి. పత్తర్‌గట్టీలో నొక ముత్యాల దుకాణమున దండలు గ్రుచ్చు పనివాని కుమారుడు, ఎనిమిదేండ్లవాడు, మా విద్యార్థి. వాని నంతకుముందొకచోట నలుగురు పట్టుకొని పన్ను తీయించిరి. నాటినుండి యెవరు చెంప తాకినను వాడు వణకెడివాడు. ఇపుడు మఱియొక ప్రక్క పుచ్చినది, అన్నము మానెను. తండ్రికి పని వదలుకొని వచ్చు వీలు లేనందున, వాని నానమ్మతోకూడ మేమును పోయితిమి.

ఆ దంతవైద్యశాలలోని యువతి మొదట వానిని కుర్చీ యెక్కుమననే లేదు. ప్రక్కన చిన్న పీటపై కూర్చుండి, చేతికద్ద మిచ్చి, తన పండ్లు లెక్కపెట్టుమనెను. వాడు 28 లెక్కించి, నాలుగు తక్కువైనవని గట్టిగ చెప్పెను. ఇంతలో నానమ్మ మనుమని తల నిమురుచు "ఏం నొప్పి గాదు బిడ్డా" అనబోగా, ఆమె మృదువుగ వారించి, "అట్ల చెప్పొద్దు అవ్వా. కొంచెం చల్లగ అనిపిస్తది, కొంచెం నొక్కినట్లుంటది అని చెప్పుండ్రి. నిజం చెప్తేనే రేపు మల్ల నమ్ముతడు" అనెను. గాలి యూదు గొట్టమును వాని గోటిపై నూది చూపెను. తొడుగును చేతిలో పెట్టి బరువు చూడుమనెను. చివరకు "నీ ఎడమచెయ్యి లేపితే నేను ఆపుత. ఇది మన ఒప్పందం" అనెను.

వాడు కుర్చీ యెక్కిన తరువాత మొదటి యైదు నిమిషములలో మూడుమారులు చేయి యెత్తెను. మూడుమారులును ఆమె పనిముట్టు తీసి, చేతులు రెండును వానికి కనబడునట్లు పెట్టి, వేచియుండెను. నొప్పిచే నెత్తుట లేదని మాకు స్పష్టముగ తోచెను. మాట నిలుపుకొనునా లేదా యని వాడు పరీక్షించుచుండెను. మూడవ పరీక్షలో నామె గెలిచినది. తరువాత వాడు చేయి యెత్తలేదు. నాల్గు నిమిషములలో తొడుగు కూర్చుండెను. మఱునాడు తరగతిలో నోరు తెఱచి, "నాది వెండిపన్ను" అని తోడివారికి చూపించుకొనెను. ఆ వారములోనే మఱియిద్దఱు పిల్లలు తమకును నొప్పి కలదని మాతో వచ్చి చెప్పిరి. ఇంతకాల మెన్ని యుపన్యాసము లిచ్చినను చెప్పనివారు వీరే!

ఈ ఘట్టములో మా కాశ్చర్యము కలిగించినది ఉక్కుతొడుగు కాదు. శరీరముపై నధికారము పిల్లవానికే యున్నదని పెద్దవా రొకరొప్పుకొనుట. మన యిండ్లలోను, బడులలోను పిల్లవాడు చేయి యెత్తిన నాగువా రెందఱు?

క్రొత్త పద్ధతులన్నియు సర్వరోగనివారిణులని మేము చెప్పుట లేదు. రోగము పంటి నాడివఱకు పోయి, రాత్రివేళ తనంతట తాను సలుపుచున్నను, చిగురుపై చీముబొబ్బ లేచినను, చెంప వాచి జ్వరము వచ్చినను, పైపూతలు పనికిరావు; వేరుచికిత్సయో, పన్ను తీయుటయో తప్పదు. వాపు కంటివైపునకో మెడవైపునకో ప్రాకిన నాలస్యము ప్రాణాపాయకరము. ఇది తెలిసిన పిమ్మట ముందుగ పోవుటయే సులభచికిత్స యని వేఱుగ చెప్పనక్కఱలేదు. మొదటి పన్ను మొలచిన పిదప, ఏడాది నిండులోపల, నొప్పి లేని దినముననే శిశువును వైద్యునకు చూపుట మంచిది. రోగము లేనినాడు చూచిన కుర్చీ రోగమున్ననాడు భయపెట్టదు. ధనము లేదనువారికి అఫ్జల్‌గంజిలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలదు.

మన ప్రాచీనులు సైతము శస్త్రమునకు ముందు సంయమమును బోధించిరి. సుశ్రుతుడు తన యిరువది శస్త్రములలో దంతశంకువును చేర్చెను. కాని శిష్యుడు జీవించినవానిపై చేయి పెట్టకముందు మృతపశువు పండ్లపై నభ్యసింపవలెనని విధించెను. నేర్చుకొనువాని తడబాటును రోగి యనుభవింపరాదని దాని భావము. ఆ భావమునే కొంచెము విస్తరించి చూతము: పెద్దల కోపమును, తొందరను, అసత్యమును శిశువు నోటిపై నభ్యసింపరాదు.

ఇంతకు మేము కోరునది పెద్ద సంస్కారమేమియు కాదు. గృహిణులు వైద్యుని పేరు బూచిగ వాడుట మానుదురుగాక. తండ్రులు, వైద్యుని యెదుట నిలిచినపుడు, "చెక్కకుండ చేయు మార్గ మేమైన కలదా?" యని యొక ప్రశ్న వేయుదురుగాక. మాబోటి యుపాధ్యాయులు, మాట్లాడని పిల్లవానిని బెత్తముతో పలుకరించుటకు ముందు నోరు తెఱువుమని చూతురుగాక. వైద్యులు, ఎత్తిన చిన్నచేతిని చూచి యాగుదురుగాక. నొప్పిని పూర్తిగ లేకుండ చేయుట యెవరి వశమునను లేదు. దానిని దాచక చెప్పుటయు, చెప్పినంతకు మించి కలిగింపకుండుటయు మాత్రము మన వశములోనివే.